దొరసాని చల్లగది

ఆ గది తలుపు తీసే ముందు నీళ్లక్క ఊపిరి బిగబట్టేది. ఎంత బిగబట్టినా లాభం ఉండేది కాదు. మూడో అడుగుకే ఆ ఘాటు ముక్కులోంచి కాదు, కళ్లలోంచి లోపలికి దిగేది. కుళ్లిన గడ్డి, నాలుగు నెలల మూత్రం, వాటి మీద తమ్ముడు పూటపూటకీ కొట్టే మల్లెపూల సెంటు. పెంట కంపు ఆమెకి కొత్త కాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పేడలోనే బతికింది. పేడ వాసనకి ఏనాడూ ముక్కు ముడవని మనిషి, ఆ సెంటు కలిసిన కంపుకి మాత్రం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది.

లోపల, ఏసీ గాలి కింద దొరసాని నిలబడి ఉండేది. మూడేళ్ల పెయ్య. తెల్లటి మొహం, ఎర్రటి ఒళ్లు, ఒంటి నిండా ఎలుగుబంటికి ఉన్నంత జుట్టు. పాలు పితకడానికి వచ్చేవాళ్లు పెట్టిన పేరది. "మనకి ఫ్యాను కూడా దిక్కులేదు, దాని దొరసానితనం చూడు" అని నవ్వుకునేవాళ్లు. నీళ్లక్క నోట కూడా అదే పేరు స్థిరపడిపోయింది.

నీళ్లక్క అన్నదీ ఊరు పెట్టిన పేరే. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల కొట్టాల వాళ్లంతా ఆమె దగ్గరికే పరిగెత్తుకొచ్చేవాళ్లు. పశువు నాలుక బయటపెట్టి రొప్పుతుంటే ఏం చెయ్యాలో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదు. కాగిపోతున్న పశువు వీపు మీద ఒక్కసారిగా చన్నీళ్లు గుమ్మరించకూడదనీ, డెక్కల దగ్గర మొదలుపెట్టి కాళ్లు, పొట్ట, ఆ తర్వాతే వీపు తడపాలనీ, తడిపి వదిలేస్తే ఒంటి మీది నీళ్లే ఆవిరై ఉడకబెడతాయి కాబట్టి వెంటనే గాలి తగలనివ్వాలనీ అందరికీ ఓపిగ్గా చెప్పేది. మేత తెల్లవారుజామున ఒకసారి, పొద్దువాలాక ఒకసారి. నడిమధ్యాహ్నం పశువుని కదిలించకూడదు. తొట్టిలో నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి. "నేనేమైనా చదువుకున్నానా, పశువు పక్కటెముకలు చూస్తే తెలిసిపోతుంది" అనేది. పెళ్లి చేసుకోలేదేమని అడిగితే, "మొగుడికీ పశువులకీ కలిపి నీళ్లు పొయ్యడం నావల్ల కాదు" అని నవ్వేసేది.

తమ్ముడిని పెంచింది ఆమే. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్లు. వాడి ముక్కు తుడిచింది, బడికి పంపింది, పెళ్లి చేసింది. పశువుల ప్రదర్శనల్లో వాడికి వరసగా బహుమతులు రావడం మొదలయ్యాక జనం వాడిని కప్పులాయన అనడం మొదలుపెట్టారు. హాల్లో గోడ నిండా కప్పులే. ఒకప్పుడు వాటిని ఆమే చింతపండుతో తోమేది.

తండ్రి కట్టిన పాత కొట్టం అలాగే ఉంది. ఎత్తైన కప్పు, రెండు వైపులా గోడలు లేవు, నేల వాలుగా ఉండి మూత్రం కాలవలోకి జారిపోతుంది. పై కప్పుకి వేలాడే పెద్ద ఫ్యాన్లు నాలుగు. అందులో పదమూడు ఆవులు ఎంత ఎండలోనైనా హాయిగా నెమరు వేసేవి. అయినా కిందటేడు ఎక్కడో పోటీలో చలిగదిలో పెంచిన పెయ్యని చూసి వచ్చినప్పటి నుంచి తమ్ముడికి నిద్ర పట్టలేదు.

"చలిలో ఉంచితే జుట్టు దట్టంగా పెరుగుతుందక్కా. దువ్వి నిలబెడితే ఒళ్లు పెద్దదిగా కనిపిస్తుంది. మార్కులన్నీ అక్కడే."

"ఉంచు. వద్దన్నానా? కానీ గాలి పోయే దారి పెట్టు. కింద గడ్డి రోజూ తీసెయ్యనియ్యి."

వాడు తలూపాడు. వంటింటి గోడకి ఆనించి గది కట్టించాడు. పైన రెండు కిటికీలు పెట్టించి, నెల తిరక్కుండా వాటిలో స్పాంజి షీట్లు కుక్కేశాడు. చల్లదనం పోతోందట. తలుపు అంచులకి రబ్బరు బిగించాడు. గడ్డి మొత్తం తీసి కడగాలంటే గంటసేపు తలుపు బార్లా తెరవాలి కదా, అందుకని పాత గడ్డి మీదే కొత్త గడ్డి పరవమన్నాడు. చూడటానికి పైన బంగారం రంగులో మెరిసేది. కాలు వేస్తే కింద చిత్తడి పిచుక్కుమనేది, వేళ్ల సందుల్లోకి గోధుమరంగు రసం వచ్చేది.

రెండో నెలలో దొరసాని దగ్గడం మొదలుపెట్టింది. మూడో నెలలో కళ్లు కారి, ఆ తెల్లటి మొహం మీద రెండు మరకల చారలు దిగాయి. తమ్ముడు దూదితో వాటిని తుడిచి, మొహానికి రాసుకునే పౌడరు అద్దాడు. అద్ది, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, "ఇప్పుడు బాగుంది" అన్నాడు.

అది చూసినప్పుడు నీళ్లక్కకి మొదటిసారి వాడి మీద రోత పుట్టింది. కోపం కాదు. కోపం ఆమెకి తెలుసు, వస్తుంది, పోతుంది. ఇది గొంతులో వెంట్రుక ఇరుక్కున్నట్టు ఉండిపోయింది.

"పశువుల డాక్టరమ్మకి చూపిద్దాంరా" అంది.

"చూపిస్తే కాగితం మీద రాస్తుంది. రాస్తే పోటీకి రానివ్వరు. ఇంకెంతక్కా, నెల రోజులు. ఆ తర్వాత నీ ఇష్టం."

ఆమె బయటికొచ్చి తలుపు వేసింది. రబ్బరు అంచు బిగుసుకున్న చప్పుడు వినిపించింది. కాలవ దగ్గర కూర్చుని కాళ్లు మోకాళ్ల దాకా మూడుసార్లు కడుక్కుంది.

మరదలు వంటింట్లోంచి చూస్తూనే ఉంది. "వదినా, ఆయనకి మీరైనా గట్టిగా చెప్పండి. అన్నం మూత తీస్తే అదే వాసన. నిన్న పిల్ల కంచం తోసేసి లేచిపోయింది."

"చెప్పాను."

"ఏమన్నారు?"

"నెల రోజులన్నాడు."

"ఆయన నెల ఎప్పుడైనా ముప్పై రోజులకి అయిందా?" అని మరదలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ప్రదర్శనకి వారం ముందు నీళ్లక్క మళ్లీ నోరు తెరిచింది. ఇన్నాళ్లూ చలిలో ఉన్న జీవాన్ని ఒక్కసారిగా ఎండలోకి లాగితే తట్టుకోలేదు, రోజుకి కాసేపు తలుపు తెరిచి ఉంచుదాం, కొట్టంలో ఫ్యాను కింద కాసేపు కట్టేద్దాం, నెమ్మదిగా అలవాటు చేద్దాం అని చెప్పింది. వాడు వినలేదు. ఎండ తగిలితే జుట్టు రాలుతుందన్నాడు. పోనీ లారీ అయినా తెల్లారకముందే బయల్దేరాలి అంది. దానికి ఒప్పుకున్నాడు. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. చీకటి విడిచేసరికి వాళ్లు ప్రదర్శన మైదానం గేటు దగ్గర ఉన్నారు. లారీలో గడ్డి మీద నీళ్లు చల్లి, ముందు వైపు పట్టా తీసి గాలి వచ్చేలా చేసింది ఆమే.

గేటు దగ్గర డాక్టరమ్మ పశువులన్నిటినీ చూస్తోంది. పొట్టిగా, కళ్లద్దాలతో, చేతికి మోచేతి దాకా తొడుగు వేసుకుని ఉంది. దొరసాని కళ్లలోకి టార్చి వేసి, "కొంచెం ఎరుపు లేదూ?" అంది.

"ప్రయాణం కదా మేడమ్, దుమ్ము" అన్నాడు తమ్ముడు. అప్పటికే లారీలో రెండు కళ్లలోనూ చుక్కలు వేశాడు.

డాక్టరమ్మ నీళ్లక్క వైపు చూసింది. నీళ్లక్క పలుపు వైపు చూసింది. సంతకం పడింది.

షెడ్డు పొడవైనది, రేకుల కప్పు. పొద్దు ఎక్కేకొద్దీ రేకులు పెళపెళమనడం మొదలుపెట్టాయి. నీళ్లక్క వీలైనంత చేసింది. తాము తెచ్చుకున్న రెండు ఫ్యాన్లనీ దొరసానికి వెనకగా కాకుండా మెడవైపు నుంచి గాలి వచ్చేలా పెట్టింది. రేకు కింద తడిపిన గోనెపట్టాలు కట్టింది. పశువు ఒంటి మీద కాదు, దానికి పైన, గాలి వచ్చే దారిలో. కాళ్లు తడుపుతూ ఉంది. పక్క దొడ్డివాళ్లు వచ్చి చూసి అలాగే కట్టుకున్నారు. పదకొండు కావొచ్చేదాకా దొరసాని బాగానే నిలబడింది.

అప్పుడు ఆమె నీళ్ల కుండీ చూసింది. ఎండిపోయి ఉంది. పొద్దున్న నింపానే అనుకుంది. కుండీ అడుగున తెల్లగా ఏదో మెరిసింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు.

"ఏంట్రా ఇది?"

తమ్ముడు దువ్వెనతో పెయ్య వీపు మీది జుట్టు పైకి దువ్వుతున్నాడు. తలెత్తలేదు. "నిన్న సాయంత్రం నుంచి నీళ్లు ఆపేశాను. పొద్దున నువ్వు నింపినవి కూడా పారబోశాను. మేతలో కాస్త ఉప్పు కలిపాను, కుండీలో కూడా. బరిలోకి వెళ్లే ముందు ఒకేసారి నాలుగు బక్కెట్లు పెడతాం. గటగటా తాగేస్తుంది. పొట్ట గుండ్రంగా నిండి, పక్కలు నిండుగా కనిపిస్తాయి. అందరూ చేసేదే."

"నిన్నటి నుంచా? ఈ ఎండలోనా? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు పెట్టేస్తావు కదా."

అంత మామూలుగా అన్నాడు ఆ మాట, చిన్నప్పుడు చక్కెర డబ్బా ఎక్కడ దాచాడో చెప్పినట్టు. నీళ్లక్క ఆ చేతుల వైపు చూసింది. నున్నటి గోళ్లు. ఆ చేతులకి అన్నం ముద్దలు పెట్టింది తనే.

పదకొండు గంటలకి రేకుల కింద నిలబడటమే కష్టమైంది. దొరసాని మెడ ముందుకి చాచింది. నోరు తెరిచింది. నాలుక బయటికి జారి, చొంగ తీగలా నేల దాకా సాగింది. పక్కటెముకలు గబగబా కొట్టుకుంటున్నాయి. నీళ్లక్క లెక్కపెట్టింది. నిమిషానికి నూట ఇరవై దాటింది. ఆ దట్టమైన జుట్టులో చెయ్యి పెడితే పొయ్యి మీది గిన్నెలా ఉంది ఒళ్లు.

అప్పుడే చూడటానికి జనం వచ్చారు. తమ్ముడు జేబులోంచి తువ్వాలు తీసి పెయ్య చొంగ తుడిచాడు. అదే తువ్వాలుతో తన మొహం మీది చెమట తుడుచుకున్నాడు. సెంటు సీసా తీసి పెయ్య మీద రెండుసార్లు, గాల్లో ఒకసారి కొట్టి, "మంచి హుషారు మీద ఉందండీ, బరిలోకి దిగాలని తొందరపడుతోంది" అన్నాడు. పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. ఎవరో ఫోటో తీశారు. చొంగ తీగ మళ్లీ సాగి వాడి బూటు మీద పడింది. వాడు నవ్వుతూనే బూటుని పెయ్య కాలికేసి రాశాడు.

నీళ్లక్క నోట్లోకి చేదు ఊరింది. ఉమ్మేసింది. వెళ్లి కొళాయి దగ్గర బక్కెట్టు నింపుకొచ్చి దొరసాని మూతి ముందు పెట్టింది. పెయ్య మూతి నీళ్లకి తగిలీ తగలకముందే తమ్ముడు కాలితో బక్కెట్టు తన్నేశాడు. జనం చూస్తున్నారని పళ్ల బిగువున మాట్లాడాడు.

"ఇంకో అరగంట. అరగంట ఆగలేవా? నాలుగు నెలల కష్టం!"

"ఎవరి కష్టంరా?"

"అక్కా, పరువు తియ్యకు."

ఆమె పరువు సంగతి ఆలోచించలేదు. తడి నేల మీద జారుతూ, జనాన్ని తోసుకుంటూ గేటు దాకా పరిగెత్తింది. డాక్టరమ్మ టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది. నీళ్లక్క ఒక్క ముక్క అంది: "పొద్దున మీరు చూసిన ఎరుపు దుమ్ము కాదు. రండి."

డాక్టరమ్మ వచ్చి థర్మామీటరు పెట్టింది. తీసి చూసి, మళ్లీ పెట్టింది. "నూట ఏడు" అంది. చుట్టూ నిలబడ్డవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. ఊపిరితిత్తుల దగ్గర చెవి గొట్టం పెట్టి విని, ఆమె మొహం ముడుచుకుంది. "దీన్ని ఎక్కడ ఉంచుతున్నారు? నీళ్లు ఎప్పుడు తాగింది?"

తమ్ముడు రెండు చేతులూ జోడించాడు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. "నాకేం తెలుసు మేడమ్. మేపేది, కడిగేది, నీళ్లు పెట్టేది అంతా మా అక్కే. ఇరవై ఏళ్లుగా ఆవిడ చేతుల్లోనే వదిలేశాను. పెద్దావిడ, మర్చిపోయి ఉంటుంది."

షెడ్డంతా ఆమె వైపు తిరిగింది. పొద్దున ఆమెని చూసి గోనెపట్టాలు కట్టుకున్నవాళ్లు కూడా.

నీళ్లక్క తమ్ముడి మొహంలోకి చూసింది. ఆ కన్నీళ్లు నిజమైనవే అనిపించింది ఆమెకి. అదే అన్నిటికంటే అసహ్యంగా తోచింది. వాడు చెప్పేది ఆ క్షణంలో వాడే నమ్ముతున్నాడు.

"నిన్న సాయంత్రం నుంచి నీళ్లు లేవు" అంది, అందరికీ వినబడేలా. "ఉప్పు పెట్టాడు. కళ్లలో మందు వేశాడు. నాలుగు నెలలు గాలి ఆడని గదిలో దాని మూత్రంలోనే దాన్ని నిలబెట్టాడు. రెండు నెలల నుంచి దగ్గుతోంది. నాకన్నీ తెలుసు. ఈ నీళ్లు, ఉప్పు సంగతి ఒక్కటే తెలియదు. తెలిసి కూడా తలుపు రోజూ వేసింది నేనే. పొద్దున గేటు దగ్గర నోరు మూసుకుందీ నేనే. రాసుకోండి, మా ఇద్దరి మీదా రాసుకోండి."

డాక్టరమ్మ రాసుకోలేదు. ముందు పెయ్య మెడలోని పోటీ నంబరు అట్ట తెంపేసి తమ్ముడి చేతిలో పెట్టింది. తర్వాత నీళ్లక్కతో, "ఇప్పుడు ఏం చెయ్యాలో నీకు చెప్పాలా?" అంది.

చెప్పనక్కర్లేదు. ఇద్దరూ కలిసి దొరసానిని షెడ్డు వెనక, గాలి వచ్చే నీడలోకి నడిపించారు. పక్క దొడ్డి వాళ్లు తమ ఫ్యాన్లు ఇచ్చారు. నీళ్లక్క డెక్కల దగ్గర మొదలుపెట్టింది. కాళ్లు, తొడల మధ్య, పొట్ట, మెడ. నీళ్లు కొంచెం కొంచెంగా తాగించింది, మధ్యమధ్య ఆపుతూ. జుట్టు అంత దట్టంగా ఉంటే నీళ్లు చర్మం దాకా దిగవు. డాక్టరమ్మ కత్తెర మిషను తెప్పించింది. నాలుగు నెలలు పెంచిన ఆ జుట్టు మెడ దగ్గర, పక్కల దగ్గర చాళ్లు చాళ్లుగా తీసేసింది. కింద కుప్ప పడిన జుట్టులోంచి మల్లెపూల వాసన వచ్చింది. నీళ్లక్క పక్కకి తిరిగి వాంతి చేసుకుంది. మూతి కడుక్కుని మళ్లీ మగ్గు అందుకుంది.

సాయంత్రానికి జ్వరం దిగింది. దొరసాని నెమరు వెయ్యలేదు గానీ కుదుటపడి కింద కూర్చుంది. ఊపిరితిత్తులు పూర్తిగా బాగుపడవనీ, మళ్లీ పోటీలకి పనికిరాదనీ, ఇంట్లో మామూలు ఆవులా బతుకుతుందనీ చెప్పింది డాక్టరమ్మ. తమ్ముడిని రెండేళ్లు ఏ ప్రదర్శనకీ రానివ్వకూడదని నిర్వాహకులు అక్కడే నిర్ణయించారు. వాడు అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయాడు. లారీలో పెయ్య పక్కన నీళ్లక్క ఒక్కతే కూర్చుని వచ్చింది.

తర్వాత మూడు రోజులు వాడు ఇంట్లో లేడు. ఎక్కడికి వెళ్లాడో మరదలికి కూడా చెప్పలేదు. రెండో రోజు పొద్దున నీళ్లక్క గడ్డపార, పార తెచ్చి చల్లగది ముందు నిలబడింది. చూస్తే అప్పటికే లోపల ఎవరో ఉన్నారు. మరదలు చీర దోపుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, స్టూలు ఎక్కి కూరగాయల కత్తితో కిటికీల్లోని స్పాంజి చీరుతోంది.

"రాత్రి అన్నం తినలేకపోయాను వదినా" అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు.

ఇద్దరూ రోజంతా ఆ గడ్డి పడక తవ్వారు. మోకాలి లోతున నల్లటి ముద్ద. అడుగున పురుగులు తెల్లగా కదులుతున్నాయి. మరదలు రెండుసార్లు బయటికి పరిగెత్తింది, రెండుసార్లూ తిరిగొచ్చింది. "దీని పక్క గోడకే నేను పప్పు తాలింపు పెట్టేదాన్నా" అని ఒకసారి నవ్వబోయి, నవ్వలేక ఆగిపోయింది. చివరికి తలుపుని బందులతో సహా ఊడబీకి, పాత కొట్టం ముందు కాలవ మీద పరిచారు, పశువులు దాటడానికి.

నాలుగో రోజు మధ్యాహ్నం దాటాక తమ్ముడు ఒక చిన్న లారీలో వచ్చాడు. వెనక ఏడాది దూడ ఉంది, దట్టమైన జుట్టు జాతిదే. రెండేళ్లకి నిషేధం అయిపోతుంది కదా, అప్పటికి ఇది తయారవుతుందన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహంలో సిగ్గు లేదు, భయం లేదు. ఆశ ఉంది. ఏమీ జరగనట్టే పలుపు ఆమెకి అందించాడు.

"గదిలో కట్టెయ్యక్కా. ప్రయాణంలో వేడెక్కింది."

"గదికి తలుపు లేదు."

వాడు వెళ్లి చూసి వచ్చాడు. మరదలు వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వాడు ఆమెనీ చూశాడు, అక్కనీ చూశాడు. "నా ఇంట్లో నాకే..." అని మొదలుపెట్టాడు.

"ఇది నాన్న కట్టిన కొట్టం. ఇందులో పశువులు ఇలాగే ఉంటాయి" అంది నీళ్లక్క. "నీకు ఇష్టం లేకపోతే దూడని వచ్చిన లారీలోనే పంపెయ్. ఉంచితే మాత్రం దీన్ని నువ్వు ముట్టుకోకు."

వాడు ఏదో గొణుక్కుంటూ లోపలికి వెళ్లి, హాల్లో కప్పుల కింద పడుకున్నాడు. దూడని పంపెయ్యలేదు. సాయంత్రం "అక్కా, టీ" అని మామూలుగా పిలిచాడు. ఆమె టీ ఇచ్చింది. వాడి వేళ్లు తన వేళ్లకి తగలకుండా గ్లాసు బల్ల మీద పెట్టింది.

కన్నబిడ్డ లాంటి తమ్ముడి మీద పుట్టిన ఆ రోత కొన్నాళ్లకి పోతుందేమో అనుకుంది. వాన పడింది, దొరసానికి జుట్టు మళ్లీ మామూలుగా, పలచగా వచ్చింది, దగ్గు కాస్త తగ్గింది. రోత పోలేదు. వాడు నవ్వితే పళ్లు కనిపించినప్పుడల్లా ఆమె చూపు తిప్పుకునేది. వాడికి అన్నం పెట్టేది, జ్వరం వస్తే తడిగుడ్డ వేసేది, ఇంట్లోంచి వెళ్లిపోవాలని మాత్రం అనుకోలేదు. ఆవులు పదమూడు, దొరసాని, ఆ కొత్త దూడ. ఎండ ముదిరితే వీటికి నీళ్లు ఎవరు పోస్తారు?